తెరమీది మీటలు

1985వ సంవత్సరమున జెనీవా నగరమునకు వెళ్లియున్న ఒక ఆంగ్ల శాస్త్రజ్ఞునకు తీవ్రమైన న్యుమోనియా సోకెను. ఆయన కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున గణితాచార్యుడు. పేరు స్టీఫెన్ హాకింగ్. 1963లో, ఇరువదియొకటవ యేటనే, కండరములను నడపు నాడులను క్రమముగా క్షీణింపజేయు వ్యాధి ఆయనను పట్టుకొన్నది. నాటినుండి కాళ్లు, చేతులు ఒకటొకటిగా స్వాధీనము తప్పుచు వచ్చెను. మాటయు తడబడి, దగ్గరివారికి మాత్రమే బోధపడు స్థితికి దిగెను. ఈ న్యుమోనియాతో ఊపిరియే నిలుచుట కష్టమైనది. కేంబ్రిడ్జికి తరలించిన పిదప, వైద్యులు ఆయన కంఠమున రంధ్రము చేయవలసివచ్చెను. ప్రాణము దక్కెను. ఉన్న కొద్దిపాటి మాటయు పోయెను.

అటుపిమ్మట కొంతకాలము ఆయన మాటలాడిన విధము మిక్కిలి దుర్భరమైనది. అక్షరములు వ్రాసిన అట్ట నొకదానిని ఎదుట పట్టుకొని, ఒకరు ఒక్కొక్క అక్షరమునే వ్రేలితో చూపవలెను. కావలసిన అక్షరము వచ్చినప్పుడు ఆయన కనుబొమ్మ నెత్తును. ఆ అక్షరమును గుర్తుంచుకొని మరల మొదటినుండి చూపవలెను. మంచినీళ్లు అడుగుటకే ఇంత శ్రమ యైనచో, విశ్వముయొక్క పుట్టుకను గూర్చి ఎట్లు చర్చింపగలడు?

ఈ సంగతి అమెరికాలోని కాలిఫోర్నియాలో నున్న వాల్ట్ వోల్టోజ్ అను నాతనికి తెలిసెను. ఆయన అత్తగారికిని ఇట్టి వ్యాధియే వచ్చియుండుటచేత, ఆమెకొరకు ఆయన పూర్వమే ఒక కంప్యూటరు ప్రోగ్రామును వ్రాసియుండెను. దాని పేరు ఈక్వలైజర్. దానిని ఆయన హాకింగునకు పంపెను. చేతిలో నొక స్విచ్చి, ఎదుట నొక తెర: అంతియే సాధనము. తెరమీద మాటలును అక్షరములును కనబడుచుండును. స్విచ్చి నొక్కి వానిని ఏరుకొనవచ్చును. ఏరిన మాటలను వేరొక యంత్రము పైకి పలుకును. డేవిడ్ మేసన్ అను నాతడు చిన్న కంప్యూటరును, పలుకు యంత్రమును చక్రాల కుర్చీకే అమర్చి యిచ్చెను. ఈ విధముగా ఆయన నిమిషమునకు 15 మాటలదాక కూర్పగలిగెను. లోకప్రసిద్ధమైన 'ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ టైమ్' అను గ్రంథమును ఆయన పూర్తిచేసినది ఈ సాధనముతోనే. అది 1988లో వెలువడినది.

పది వ్రేళ్లతో, నూరు మీటలతో చేయదగిన పనిని ఒక్క స్విచ్చి యెట్లు చేయును? ఉపాయము సులభమైనదే. తెరమీద గడులు గీసి, గడికొక అక్షరము చొప్పున ఉంచుదురు. ఒక వెలుగు వానిమీదుగా తానే నడచుచుండును. అది కావలసిన గడికి వచ్చినప్పుడు స్విచ్చి నొక్కవలెను. అనగా, వ్రేలు అక్షరము కడకు పోజాలదు గనుక, అక్షరమే వ్రేలి కడకు వచ్చుచున్నది. ఐతే వెలుగు ఒక్కొక్క గడినే దాటుచు పోయినచో ఆలస్యము మెండగును. 30 గడులున్నయెడల చిట్టచివరి గడికి 30 అడుగులు పట్టును, సగటున పదునైదున్నర. అందుచేత గడులను 5 అడ్డు వరుసలుగా, వరుసకు 6 చొప్పున పేర్చి, వెలుగును మొదట వరుస వరుసగా నడపుదురు. మూడవ వరుస వెలిగినప్పుడు నొక్కినచో, పిమ్మట ఆ వరుసలోని గడులు మాత్రమే ఒకదాని వెనుక నొకటి వెలుగును. నాలుగవ గడి వెలిగినప్పుడు మరల నొక్కవలెను. మూడును నాలుగును కలిసి ఏడడుగులు. ఇట్లు లెక్కించినచో సగటు ఆరున్నర అడుగులకు దిగును. అడుగునకొక సెకను చొప్పున చూచినను, ఒక్క అక్షరమునకే తొమ్మిది సెకనులు మిగులుచున్నవి.

ఇచట ఒక ప్రశ్న పుట్టును. ఏ గడిలో ఏ అక్షరము నుంచవలెను? సాధారణముగా ఆంగ్ల కీబోర్డుమీద మొదటి వరుసలో క్యూ, డబ్ల్యు, ఇ, ఆర్, టి, వై అని అక్షరములు వచ్చును. ఈ అమరిక క్రిస్టఫర్ షోల్స్ అను అమెరికా దేశీయుడు టైపు యంత్రముకొరకు రూపొందించినది. 1868లో ఆయన తన యంత్రమునకు పేటెంటు పొందెను. 1874లో రెమింగ్టన్ సంస్థ దానిని అంగడికి తెచ్చెను. అక్షరములను అట్లే యెందుకు పేర్చెనను విషయమున పండితులలో నేటికిని ఏకాభిప్రాయము లేదు. ఒక్కటిమాత్రము నిశ్చయము: ఒక్క స్విచ్చితో వ్రాయువారిని తలచి దానిని పేర్చలేదు.

దీనిని లెక్కతోనే చూడవచ్చును. ఆ అమరికను అట్లే తెరమీద నుంచి, వెలుగును నడపినచో, 'టి' అక్షరము మొదటి వరుసలో అయిదవది గనుక ఆరడుగులు; 'హెచ్' రెండవ వరుసలో ఆరవది గనుక ఎనిమిది; 'ఇ' మొదటి వరుసలో మూడవది గనుక నాలుగు. ఆంగ్లమున అడుగడుగునను వచ్చు 'ది' అను చిన్నమాటకు ఈ మూడక్షరములును కలిసి 18 అడుగులు. 'ఆన్' అను రెండక్షరముల మాటకు 19! ఇప్పుడు గడులను వేరువిధముగా నింపుదురని ఊహింపుడు. మొదటి గడి మాటకు మాటకు నడిమి ఖాళీకి. దాని ప్రక్కను, క్రిందను ఉన్న మూడడుగుల గడులు రెండును 'ఇ', 'టి' లకు. నాలుగడుగుల గడులు మూడును 'ఎ', 'ఓ', 'ఐ' లకు. అయిదడుగుల గడులు నాలుగును 'ఎన్', 'ఎస్', 'హెచ్', 'ఆర్' లకు. అనగా, తరచుగా వచ్చు అక్షరము దగ్గరను, అరుదుగా వచ్చునది దూరమునను ఉండును. ఇప్పుడు 'ది' అను మాటకు 11 అడుగులు, 'ఆన్' అను మాటకు 9 అడుగులు చాలును. యంత్రము మారలేదు, మనిషి వేగము పెరుగలేదు; గడులలోని అక్షరములు స్థలములు మార్చుకొన్నవి, అంతే.

లోహపు మీటలకు ఇట్టి సౌకర్యము లేదు. మీటమీద అచ్చైన గుర్తు చెరగదు. తెరమీది మీట యన్ననో, కేవలము బొమ్మ. నిజమునకు లోహపు కీబోర్డుకూడ అక్షరమును పంపదు. ఏ మీట నొక్కబడినదో తెలుపు ఒక సంఖ్యను మాత్రమే పంపును. ఆ సంఖ్యకు ఏ అక్షరము సరిపోవునో చెప్పు పట్టిక కంప్యూటరులోపల నుండును. ఆ పట్టికను మార్చినచో, అదే మీటకు వేరొక అక్షరము పడును. తెరమీది కీబోర్డునకు మీట బొమ్మకూడ ఒక పట్టికనుండియే పుట్టును. గడి యెచట నుండవలెను, ఎంత వెడల్పుండవలెను, దానిపై ఏమి వ్రాసియుండవలెను, నొక్కినప్పుడు ఏమి పుట్టవలెను అను నాలుగు సంగతులును ఆ పట్టికలో నుండును. లినక్సు కంప్యూటరులలో వాడెడు ఆన్‌బోర్డ్ అను ప్రోగ్రామునందు ఇవి రెండు ఫైళ్లుగా నుండును. ఒకటి గడుల చిత్రము. రెండవది ఏ గడికి ఏ పని యని చెప్పు పాఠము. రెండింటిని ఎవరైనను తెరచి చదువవచ్చును, మార్చవచ్చును. అనుభవజ్ఞులు మాత్రము మూలమును ముట్టరు. దానికొక ప్రతి తీసికొని, వేరొక పేరు పెట్టి, ఆ ప్రతిలోనే మార్పులు చేయుదురు. చేసినది చెడినచో మరల మూలమునకు పోవచ్చును గదా! విండోసు కంప్యూటరులలో సహజముగా లభించు తెరమీది కీబోర్డునందు గడులను ఇష్టము వచ్చినట్లు జరుపుటకు వీలు లేదు. ఐనను వెలుగును నడపు ఏర్పాటు అందులోనే కలదు; కంప్యూటరునకు ఏ అక్షరముల పట్టిక నిచ్చిన, ఆ పట్టికనే అది తెరమీద చూపును. ఆ పట్టికను తయారుచేయుటకు వేరొక ప్రోగ్రాము లభించును.

పట్టికలో ఇంకొక సౌలభ్యము కలదు. ఒక గడికి ఒక్క అక్షరమే యుండవలెనను నియమము లేదు. ఒక మాట నుంచవచ్చును, ఒక వాక్యము నుంచవచ్చును. 'వీపు నొచ్చుచున్నది, ప్రక్కకు త్రిప్పుడు' అను వాక్యమును అక్షరమక్షరముగా కూర్చుటకు ఎంతసేపు పట్టునో, కదలలేని మనిషికి తెలియును. దానికి ఒక్క గడి చాలును.

తరచుగా వచ్చునది దగ్గర నుండవలెనను సూత్రము ఒక్కటే యైనను, దగ్గర యనగా ఏమియో మనిషి మనిషికిని మారును. వెలుగు నడచు తెరమీద దగ్గర యనగా ఎడమవైపు పైమూల. వ్రేలితోగాని, నోట కరచిన పుల్లతోగాని తాకువారికి దగ్గర యనగా పలక నడుమ. 1954లో పాల్ ఫిట్స్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు దీనికొక సూత్రమును కనుగొనెను. చేరవలసిన గుఱి ఎంత దూరమైన, ఎంత చిన్నదైన, చేరుటకు అంత ఎక్కువ కాలము పట్టునని ఆయన లెక్కగట్టెను. కావున అట్టివారికి తరచుగా వాడు గడులు నడుమ నుండుటయే గాక, పెద్దవిగాకూడ నుండవలెను. కంటిచూపుతో వ్రాయువారి సంగతి వేరు. చూపు ఒకచోట నిలిచినప్పుడు ఆ గడి నొక్కబడినట్లు యంత్రము గ్రహించును. కంటిపాప ఎన్నడును పూర్తిగా నిశ్చలముగా నుండదు గనుక, చిన్న గడులైనచో ప్రక్క అక్షరము పడును. వారికి గడులు తక్కువగాను, విశాలముగాను ఉండక తప్పదు. ఒక చేయి మాత్రమే ఆడువారికై అమెరికాలో ఆగస్టు డ్వోరాక్ పేరిట కుడిచేతి అమరిక, ఎడమచేతి అమరిక వేరువేరుగా ప్రచారములోనికి వచ్చినవి. విండోసులో నేటికిని అవి రెండును లభించుచున్నవి.

తెలుగునకు వచ్చుసరికి ఈ విషయము మరింత ఆసక్తికరమగును. మన వర్ణమాల ప్రపంచమున మిక్కిలి శాస్త్రీయమైన క్రమములు గలవానిలో నొకటి. కంఠమున పుట్టు 'క' మొదలుకొని పెదవులపై పుట్టు 'మ' వరకు, పలుకు స్థానములనుబట్టి అయిదేసి చొప్పున అక్షరములు నిలిచియున్నవి. గడులలో పేర్చుటకు ఇంతకన్న అందమైన వరుస దొరకదు. కాని అందము వేరు, అడుగుల లెక్క వేరు. వరుసకు అయిదు చొప్పున హల్లులను పేర్చినచో, మొదటి వరుస చివర 'ఙ' వచ్చును. దానికి ఆరడుగులు. తెలుగు వ్రాతలో ఆ అక్షరము ఎన్నడు వచ్చును? ఏడాదికొక పర్యాయమైనను రాదు. అడుగడుగునను వచ్చు 'న' నాలుగవ వరుస చివర నున్నది, దానికి తొమ్మిదడుగులు. 'ల' కు తొమ్మిది, 'వ' కు పది. 'వల' అను రెండక్షరముల మాటకు 19 అడుగులు. ఆ రెండింటిని నాలుగేసి అడుగుల గడులలోనికి తెచ్చినచో ఎనిమిదే.

మరియొక చిక్కు కలదు. ఆంగ్లమునకు 26 అక్షరములు. తెలుగున అరసున్న మొదలగు ప్రాతవానిని విడిచినను, అచ్చులు 14, సున్నయు విసర్గయు 2, హల్లులు 35, గుణింతపు గుర్తులు 13, పొల్లు ఒకటి: మొత్తము 65 గుర్తులు. కంటికి ఒక్క అక్షరముగా కనబడునది యంత్రమునకు అనేకమగుటయు కలదు. 'స్త్రీ' అను అక్షరమును కంప్యూటరు స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి యని ఆరుగా దాచుకొనును. ఒక్క స్విచ్చితో వ్రాయువాడు ఆరుమార్లు ఏరుకొనవలెను. వత్తు వచ్చిన ప్రతిచోటను పొల్లు కావలెను గనుక, పొల్లు దూరపు మూలలో నుండుట పెద్ద పొరపాటు.

ఈ చిక్కును విప్పుటకు భాషయొక్క స్వభావమే తోడ్పడును. అచ్చులు సామాన్యముగా మాట మొదటనే వచ్చును. గుణింతపు గుర్తులు హల్లు తరువాతనే గాని రావు. కావున రెండింటికిని వేరువేరు గడులు అక్కరలేదు. మాట మొదట 'ఆ' చూపు గడియే, హల్లు ఏరుకొన్న వెంటనే దీర్ఘమును చూపవచ్చును. 'ఇ' చూపు గడి గుడిని, 'ఉ' చూపు గడి కొమ్మును చూపవచ్చును. 'అ' గడికి పొల్లు సరిపోవును. ఏలయన, హల్లులోని అకారమును తీసివేయునదే పొల్లు గదా! 1991లో భారతీయ ప్రమాణముల సంస్థ ఆమోదించిన ఇన్‌స్క్రిప్టు అమరికలోను ఈ జతలే కానవచ్చును. అందు పొల్లును 'అ' యును ఒకే మీటమీద నున్నవి. దీర్ఘమును 'ఆ' యును ఒకే మీటమీద నున్నవి. ఎడమచేతివైపు అచ్చులు, కుడిచేతివైపు హల్లులు. 'క' మీదనే 'ఖ' యును కలదు. తెలుగు 'క' ఏ మీటపై నున్నదో, కన్నడ 'క' యును, హిందీ 'క' యును ఆ మీటపైననే యున్నవి. తెలుగున నేర్చినవాడు కన్నడమున చేయి తడుముకొననక్కరలేదు.

తెలుగునకు ప్రత్యేకించిన మరొక సంగతి ద్విత్వము. అమ్మ, అన్న, అక్క, చెట్టు, పిల్లి: ఇంటిలోని మాటలలో సగము జంట హల్లులే. 'అమ్మ' కు అ, మ, పొల్లు, మ అని నాలుగు ఏరుకొనవలెను. 'మ్మ', 'న్న', 'ల్ల', 'ట్ట' లకు విడిగా గడులుంచినచో, అ, మ్మ యని రెండే చాలును. ఇట్టి గడిని చేయుట పట్టికలో ఒక్క పంక్తి వ్రాయుటయే. పరదేశమున చేయబడిన ప్రోగ్రాములో ఇట్టి గడి తనంతట తాను రాదు. తెలుగు తెలిసినవాడు కూర్చుండి చేర్చవలసినదే.

ఇవన్నియు విని, పాత అమరికలు నిరర్థకములని తలచుట సరికాదు. క, ఖ, గ, ఘ యని కంఠస్థము చేసిన పిల్లవానికి 'ద' ఎచట నుండునో వెదకకయే తెలియును. వెలుగు రాకమునుపే అతడు సిద్ధముగా నుండును. లెక్క ప్రకారము పేర్చిన కొత్త పలకమీద అతడు మొదట ప్రతి యక్షరమును వెదకుకొనవలెను. వెదకులాటలో వెలుగు దాటిపోవును. డ్వోరాక్ 1936లో పేటెంటు పొందిన అమరిక తేలికయైనదని పలువురు చెప్పినను, లోకము పాతదానిని విడువలేదు. అలవాటు అంత బలమైనది.

హాకింగ్ విషయముననే ఇది మరల తేటపడెను. వ్యాధి ముదిరి చేతికూడ కదలిక పోయినప్పుడు, ఆయన కుడిచెక్కిలిలోని ఒక చిన్న కండరమును కదల్చి వ్రాయసాగెను. కండ్లజోడునకు అమర్చిన చిన్న సాధనము ఆ కదలికను కనిపెట్టును. 2011 నాటికి వేగము నిమిషమునకు ఒక్క మాటకు పడిపోయెను. ఇంటెల్ సంస్థ ఇంజనీర్లు వచ్చి చూచిరి. కంటిచూపుతో వ్రాయించు యంత్రమును తెచ్చిరి. ఆయన కనురెప్పలు వ్రాలియుండుటచేత అది పనికిరాలేదు. ఎన్నో ఏండ్లుగా అలవాటైన తెరను ఒక్కసారి మార్చుట ఆయనకు దుస్సాధ్యమని వారు క్రమముగా గ్రహించిరి. తుదకు ఆయన యెరిగిన పద్ధతినే నిలిపి, లోపలి పనిని బాగుచేసిరి. రాబోవు మాటను ఊహించి చూపు ఏర్పాటును చేర్చిరి. ఆయన పూర్వపు వ్రాతలనుండియే అది నేర్చుకొన్నది. 'ది' అని ఏరుకొన్నంతనే 'బ్లాక్' అని చూపును. దానిని ఏరుకొన్నచో 'హోల్' అని చూపును. ఇంతకు మునుపుకంటె రెండింతల వేగమున వ్రాయుటకు వీలైనది. అక్షరములలో అయిదవ వంతుకు తక్కువ మాత్రమే ఆయన స్వయముగా కూర్పవలసివచ్చెను. ఆ సాధనమును 2015లో ఉచితముగా లోకమున కెల్ల ఇచ్చిరి. 2018లో మరణించువరకు ఆయన దానితోనే వ్రాసెను.

ఊహించిన మాటలకు చోటు కావలెను గదా! వానిని పైవరుసలో నుంచినచో, క్రింది అక్షరములన్నిటికిని ఒక్కొక్క అడుగు పెరుగును. 'వల' వంటి చిన్న మాటకు అది నష్టమే. పదునొకండు గుర్తులు గల 'ప్రత్యక్షము' వంటి మాట మూడవ గుర్తునకే దొరకినచో పెద్ద లాభము. వ్రాయువాడు ఎట్టి మాటలు వ్రాయునో చూచి దీనిని తేల్చవలెను. వెలుగు ఎంతసేపు నిలువవలెనను దానికిని ఇదే పద్ధతి. వడిగా నడచినచో తప్పు గడి పడును. మెల్లగా నడచినచో ఓపిక నశించును. చేయి వణకువారికి ఒక నొక్కు రెండుగా పడకుండ, క్షణకాలము రెండవ నొక్కును లెక్కింపకుండునట్లు ఏర్పాటుచేయుదురు. పొరపాటున వేరొక వరుసను ఏరినచో, వెలుగు రెండుమార్లు తిరిగి తానే వెలుపలికి రావలెను. తుడిచివేయు గడిని క్రింది మూలలో నుంచు అలవాటొకటి కలదు. తప్పు చేసినవానినే దూరము నడిపించుట యెక్కడి న్యాయము? అది నాలుగైదడుగులలోపల నుండవలెను.

రెండడుగులకే దొరకు మొదటి గడిని గూర్చి మాత్రము లెక్కలు ఒక్కటి చెప్పును, ఇంటివారు వేరొకటి చెప్పుదురు. లెక్క ప్రకారము అది ఖాళీకి చెందవలెను. అన్నిటికంటె తరచుగా వచ్చునది అదియే. కాని కంఠమున గొట్టము పెట్టించుకొని, రాత్రివేళ కఫమడ్డి ఊపిరాడనప్పుడు కేకవేయలేని మనిషి వాడు తెరమీద, ఆ గడిలో గంట బొమ్మ యుండును. దానిని ఏరుకొన్నంతనే ప్రక్కగదిలో గంట మ్రోగును. నెలకొక పర్యాయమైనను దాని అవసరము రాకపోవచ్చును. ఖాళీ దాని ప్రక్క గడికి జరిగి, మూడడుగులకు పోవును.